రెండు వేళ్లు కిందికి

మనం చేయని పనికి మనల్ని ఎవరైనా మెచ్చుకుంటే ఆ మెప్పు చివరికి ఎవరికి చేరుతుంది? దేవుడే దాన్ని మన దగ్గర్నుంచి తీసి అసలు మనిషికి అందజేస్తాడా? లేక మన నోటితో మనం ఇచ్చేదాకా చూస్తూ ఊరుకుంటాడా? పదమూడేళ్లుగా నాకీ అనుమానం ఉంది. రోజూ పొద్దున్నే ప్రార్థన చేసుకున్నాకే మిషను ముందు కూర్చుంటాను. కూర్చున్నప్పుడల్లా ఇది గుర్తొస్తుంది, ఎందుకంటే అనుమానం మొదలైంది ఆ మిషను దగ్గరే.

సంగతి చిన్నదే. నేను దర్జీని. ఇంటి ముందు గదే నా కొట్టు. పదమూడేళ్ల కిందట బ్యాండు మాస్టారు నలభై కోట్లు కుట్టమని ఇచ్చాడు. మూడో కోటు దగ్గర మిషను కుట్లు వదిలేయడం మొదలుపెట్టింది. రిపేరు చేసేవాడు రెండు రోజులు చూసి తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. అప్పుడు మా అమ్మాయికి పదేళ్లు. మిషను కింద వెల్లకిలా పడుకుని, చక్రం చేత్తో మెల్లగా తిప్పి చూసింది. "నాన్నా, సూది పూర్తిగా దిగట్లేదు. కింద కొక్కేనికి దారం అందట్లేదు. వెంట్రుకంత దించు చాలు" అంది. దించాను. నలభై కోట్లూ గడువుకి ముందే అయ్యాయి.

"మిషను ఎవరు బాగుచేశారు టైలరు గారూ?" అన్నాడు బ్యాండు మాస్టారు.

"నేనే" అన్నాను.

మా అమ్మాయి గడప దగ్గర కూర్చుని గుండీలు ఏరుతోంది. తల ఎత్తలేదు. విన్నదని నాకు తెలుసు. అలా ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఆ ఏడాది నుంచి బ్యాండు మాస్టారు ఎప్పుడొచ్చినా, కొట్లో ఎవరుంటే వాళ్లకి ఆ కథ చెబుతాడు. నేను నవ్వి ఊరుకుంటాను.

మొన్నటి ఎండాకాలం మొదట్లో మా అమ్మాయి భోజనం దగ్గర ఒక మాట అంది. "నా బండిని రెండు వేళ్లు కిందికి దించుతున్నాను. వెనక వెడల్పు చక్రాలు వేస్తున్నాను. ఇంట్లోనే. నేనే."

ఆ బండి ఎరుపు రంగుది, రెండే తలుపులు, వెనక చక్రాలతో పరిగెత్తే రకం. టైర్ల కొట్లో మూడేళ్లు బిల్లులు రాసి కూడబెట్టుకున్న జీతంతో పాతది కొనుక్కుంది. అదే కొట్లో ఆ మూడేళ్లూ, షెడ్డులో పని ఇవ్వమని అడుగుతూనే ఉంది. "చక్కగా ఫ్యాను కింద కూర్చునేదానికి గ్రీజెందుకమ్మా" అని నవ్వేసేవాళ్లు.

"దించడమేమిటే?" అంది మా ఆవిడ. "డబ్బు పోసి కొన్న వస్తువుని ఎవరైనా పైకెత్తుకుంటారు గానీ, నేలకి దించుకుంటారా?"

"కిందికి ఉంటే మలుపులో ఒరగదమ్మా. వెనక టైరు వెడల్పైతే రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది."

"ఎవరు చూడొచ్చారు ఆ పట్టు?"

"పెద్దాయన చూస్తాడు."

ఊరి చివర పందెం కార్లు తయారుచేసే వర్క్‌షాపు ఉంది. దాని యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఏటా వానలకి ముందు ఒక్కరిని, ఒక్కరినే పనిలోకి తీసుకుంటాడు. మా అమ్మాయి వెళ్లి అడిగింది. "బిల్లులు రాసే చేతికి పానా ఇవ్వను" అన్నాడట. "నీ ఇంటి వాకిట్లో, నీ చేత్తో, ఒక బండి దించి తీసుకురా. నా చదును నేల మీద నేను కొలుస్తాను. కుడికీ ఎడమకీ మూడు మిల్లీమీటర్లకి మించి తేడా ఉండకూడదు. టైరు ఎక్కడా రాసుకోకూడదు. తొలి వాన పడేలోపు."

ఆ రాత్రి ప్రార్థనలో ఏమడగాలో నాకు తోచలేదు. ఒక బండి రెండు వేళ్లు దిగాలని దేవుణ్ణి అడగొచ్చా? అది ప్రార్థనా, ఉత్త ముచ్చటా? చివరికి, "దాని చేతిని చల్లగా చూడు" అని మాత్రం అనుకున్నాను.

చక్రాలు ముందొచ్చాయి. వెనకవి పాతవాటికన్నా అంగుళన్నర వెడల్పు. తొడిగి చూస్తే టైరు భుజం మడ్‌గార్డు లోపలి అంచుకి దాదాపు ఆనుతోంది. ఆ అంచు లోపలికి తిరిగిన సన్నటి రేకు. దాన్ని పైకి మడిచేస్తే టైరుకి చోటు దొరుకుతుంది. మడిచేటప్పుడు పైన రంగు పగిలిందా, పనంతా పాడు.

"చొక్కా అంచు లాంటిదే కదా" అన్నాను.

"అదే నాన్నా. కాకపోతే రేకు."

"మరి ఒక్కసారే మడవకు. ముందు వేడి చెయ్యి, కొంచెం వంచు, చల్లారనివ్వు. మళ్లీ వేడి చెయ్యి. మొండి గుడ్డతో నేను అలాగే చేస్తాను."

వేడిగాలి గన్ను నా చేతికిచ్చింది. ముప్పై ఏళ్లుగా ఇస్త్రీపెట్టె పట్టిన చెయ్యి నాది. ఎంత దూరంలో ఎంతసేపు ఆగాలో ఆ చేతికి తెలుసు. నేను వేడి చేస్తూ వెళుతుంటే, తను చక్రం ఉండేచోట బిగించిన రోలరుని నొక్కి ముందుకీ వెనక్కీ తిప్పుతూ వచ్చింది. ఒక పక్కకి ఒక పూట పట్టింది. రెండు పక్కలా అయ్యాక వేలితో అంచంతా తడిమాను. నేను కుట్టిన ఏ పట్టీ అంత నున్నగా రాలేదు. పైన రంగు మీద వెంట్రుకంత చీలిక లేదు.

మా పక్కింటి బస్సు డ్రైవరు గోడ మీదుగా తొంగి చూశాడు. "ఏమన్నా, కాజాలు కూడా కుడతావా దానికి?"

"కుడతాను. గుండీలు నువ్వివ్వు" అన్నాను.

"ఇంకా కిందికి దించుతారట! ఎక్కేటప్పుడు కూర్చోవాలో పడుకోవాలో ముందే చెప్పండి."

"నీకు చోటెక్కడిది బాబాయ్" అంది మా అమ్మాయి బండి కింద నుంచి. "నీ పొట్టకి బస్సే సరి."

తరవాత స్ప్రింగుల పని. పాత స్ప్రింగుని రెండు ఇనుప కొక్కేల మధ్య బిగించి, నొక్కి, ఊడదీయాలి. "ఇది జారితే గోడకి కన్నం పడుతుంది. ఎవరూ ఇటు రావద్దు" అని మా ఆవిడని లోపలికి పంపేసింది. ఆవిడ వంటగది కిటికీలోంచి చూస్తూ నిలబడింది. పెదాలు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థనో, తిట్లో నాకు వినపడలేదు. నాలుగు మూలలా పొట్టి స్ప్రింగులు ఎక్కాయి. చక్రాలు బిగిశాయి. జాకీ దించింది.

ముందు భాగం చక్కగా దిగింది. వెనక కుడివైపూ దిగింది. ఎడమవైపు మాత్రం చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిస్తే కుడివైపు కన్నా సెంటీమీటరు ఎత్తు. నా టేపుతో కూడా కొలిచాం. అదే తేడా.

"స్ప్రింగుల్లో ఏదో తేడా" అంది. మర్నాడు సెలవు పెట్టి, ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చింది. మళ్లీ ఎడమవైపే ఎత్తు.

మూడో రోజు పనికి వెళ్లింది, వచ్చింది, బండి వైపు చూడలేదు. భోజనం దగ్గర మా ఆవిడే కదిపింది.

"ఏమైందే దానికి?"

"దాని ఒళ్లే వంకర. ఎప్పుడో గుద్దుకున్న బండి అయ్యుంటుంది. నేను చూసుకోకుండా కొన్నాను." పళ్లెంలో వేలు తిప్పుతోంది. "పెద్దాయన దగ్గరికి వెళ్లనులే. కౌంటరే నయం. ఫ్యాను ఉంటుంది."

ఆ ఫ్యాను మాట తను నవ్వుతూనే అంది. మా ఆవిడ దాని పళ్లెంలో ఇంకొంచెం వడ్డించింది. అప్పటికే మధ్యాహ్నాలు మబ్బు పడుతోంది. మహా అయితే పది రోజుల గడువు.

ఆ వారం ఒక హోటలు కాపలాదారు పాంటు సరిచూసుకోవడానికి వచ్చాడు. ఆరడుగుల మనిషి. అద్దం ముందు పొట్ట బిగబట్టి, మడమలెత్తి నిలబడ్డాడు.

"మామూలుగా నిలబడు బాబూ" అన్నాను కింద కూర్చుని. "నీ బరువు నీ కాళ్ల మీద పడాలి. అప్పుడే అంచుకి గుర్తు పెడతాను."

"పాంటుకి బరువు లెక్కేమిటి మాస్టారూ? హ్యాంగరు మీద చూశాను కదా, రెండు కాళ్లూ సమానంగానే ఉన్నాయి."

"హ్యాంగరు మీద ఏ పాంటైనా సమానంగానే ఉంటుంది. వేసుకుని నిలబడ్డాకే దాని సంగతి తెలిసేది" అన్నాను. ఈ మాట నేను వారానికి పదిసార్లు అంటాను. ఆ రోజు అన్నాక పెదాల మధ్య గుండుసూది అలాగే ఉండిపోయింది. అతన్ని పంపించేసి వాకిట్లోకి వెళ్లాను.

మా అమ్మాయి మెట్టు మీద కూర్చుని పాత స్ప్రింగులకి నూనె రాస్తోంది, తిరిగి వేసేయడానికి.

"అమ్మలూ, నాకు తెలియక అడుగుతున్నాను. ఆ వెనక చక్రాన్ని పట్టుకునే చేతులున్నాయి చూడు, వాటి బోల్టులు ఎప్పుడు బిగిస్తావు?"

"స్ప్రింగు పెట్టాక, నాన్నా."

"అప్పుడు చక్రం వేలాడుతూ ఉంటుందా, నేల మీద నిలబడి ఉంటుందా?"

"జాకీ మీద ఉంటుంది కదా, వేలాడుతూనే..." అంది. చేతిలో గుడ్డ ఆగిపోయింది. "కుడివైపు వేలాడదు. దాని కింద రెండో జాకీ పెట్టి పైకి ఎత్తి బిగించాను. ఎడమవైపు ప్రహరీ గోడ. రెండో జాకీ పట్టదు. అందుకని..."

"రెండుసార్లూ అలాగేనా?"

గుడ్డ పడేసింది. లేచి బండి ఎడమ పక్కకి వెళ్లి, గోడకీ చక్రానికీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. కాసేపు ఏమీ కనపడలేదు, దాని జడ తప్ప.

"లోపల రబ్బరు బుష్షు ఉంటుంది నాన్నా" అంది అక్కడి నుంచే, మెల్లగా. "వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ వంపులోనే పట్టేసుకుంటుంది. బండి దించినా అది పైకే తోస్తుంటుంది. బండి వంకర కాదు." జడ వెనక్కి తోసుకుని, "చిన్నప్పట్నుంచీ రోజూ వింటున్నానే ఆ హ్యాంగరు మాట" అంది.

డ్రైవరు దగ్గర మందపాటి చెక్కలుంటే అడిగి తెచ్చాం. వాటి మీదికి బండి ఎక్కించింది. ఇప్పుడు చక్రాలు చెక్కల మీద, బరువంతా చక్రాల మీద, కింద మనిషి దూరేంత చోటు. ఎడమవైపు బోల్టులు వదులు చేసింది. నేనూ డ్రైవరూ వెనక డిక్కీ మీద చేతులానించి నాలుగుసార్లు నొక్కాం. ఎడమవైపు చిన్నగా మూలిగి కిందికి కూర్చుంది, బిగుతు జాకెట్టు హుక్కు తీసినట్టు. అలా కూర్చున్నాక బిగించింది. కుడివైపూ వదిలి మళ్లీ అదే పద్ధతిలో బిగించింది. చెక్కల మీంచి దించి కొలిస్తే తేడా రెండు మిల్లీమీటర్లు.

డ్రైవరు టేపు వంక, నా వంక చూశాడు. "ఇదేం చోద్యం అన్నా! ముప్పై ఏళ్లు బస్సు తోలాను. ఈ సంగతి నాకు తెలియదు."

"నాకూ తెలియదు" అన్నాను. "నాకు పాంటు సంగతే తెలుసు."

రాసుకుంటుందేమో చూడడం ఒక్కటే మిగిలింది. నా సుద్దబిళ్ల అడిగి తీసుకుని మడ్‌గార్డు అంచు లోపలంతా రాసింది. టైరు తగిలితే సుద్ద చెరిగిపోతుంది. బండిలో బరువుండాలి కాబట్టి వెనక ఇద్దరు కూర్చోవాలి. డ్రైవరు ఒక కాలు పెట్టి, మళ్లీ తీసి, చివరికి పక్కవాటంగా దూరాడు.

"వదినా, నువ్వు రా."

"నేనా? ఆ డబ్బాలోనా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అంటూనే మా ఆవిడ లోపలికి వెళ్లింది. రాలేదేమిటా అనుకుంటుంటే, మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది.

వీధి చివరి గతుకుల రోడ్డు మీద రెండుసార్లు తిప్పింది. గతుకు గతుకుకీ వెనక నుంచి డ్రైవరు కేక, "జరుగు మరిదీ" అని మా ఆవిడ కేక. పాలబూతు దగ్గర నిలబడ్డవాళ్లు చేతులూపారు. మా ఆవిడ కిటికీ అద్దం దించి మరీ చెప్పింది, "మా అమ్మాయే చేసింది. ఇంట్లోనే." ఇంటికొచ్చి చూస్తే సుద్ద రాసింది రాసినట్టే ఉంది.

మబ్బు బాగా కమ్మిన ఒక ఉదయం ఇద్దరం పెద్దాయన దగ్గరికి వెళ్లాం. వర్క్‌షాపు నేల అద్దంలా ఉంది. చెప్పులు బయట విడవబోయాను. "గుడి కాదులెండి, రండి" అన్నాడు. సన్నటి ముసలాయన. స్టీలు స్కేలుతో నాలుగు మూలలా కొలిచాడు. ఏ అంకె ఎంతో పైకి చెప్పలేదు. మడ్‌గార్డు లోపలికి వేలు పెట్టి అంచంతా తడిమాడు.

"రంగు పగల్లేదే. ఎవరు మడిచారు?"

"నేనూ మా నాన్నా."

"మీ నాన్న ఏ వర్క్‌షాపు?"

"కుట్టు వర్క్‌షాపు" అంది. ఆయన నా వైపు చూసి తల పంకించాడు. తరవాత బండిని లిఫ్టు మీద ఎత్తించి, లైటు పట్టుకుని కింద చాలాసేపు చూశాడు.

"ఎడమ వెనక బోల్టు తల మీద పానా చాలాసార్లు పడింది. ఎందుకు?"

ఏదో ఒకటి చెప్పెయ్యవే అనుకున్నాను. పాత ఓనరు చేశాడని చెప్పు. సరిగా పట్టలేదని చెప్పు.

"తప్పు బిగించాను సార్, రెండుసార్లు" అంది. "చక్రం వేలాడుతుండగా బిగించాను. ఒక సెంటీమీటరు ఎత్తు నిలబడింది. నేను కనిపెట్టలేదు. మా నాన్న కనిపెట్టారు. బరువు మీద మూడోసారి బిగించాను."

పెద్దాయన లైటు ఆర్పాడు. "ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఉన్నవాళ్లున్నారు. అడిగితే, ఎవరో బిగించారు సార్ అంటారు" అన్నాడు. జేబులోంచి గుడ్డ తీసి, ఒక్కో వేలే తుడుచుకున్నాడు. "సోమవారం ఏడింటికి రా. చెప్పులు కుదరవు, బూట్లు వేసుకో."

తిరిగి వస్తుంటే తొలి చినుకులు అద్దం మీద పడ్డాయి. మలుపుల్లో బండి ఎక్కడా ఒరగలేదు. పక్కన కూర్చున్న నాకు ఛాతీ పట్టనంత సంతోషం. అందులోనే ఒక ముల్లు కూడా. నాకు రావలసిన మెప్పుని ఉద్యోగం రాకపోయినా సరేనని నా చేతికిచ్చేసింది. అడగకుండానే. దానికి రావలసింది మాత్రం పదమూడేళ్లుగా నేనే ఉంచుకున్నాను. ఇద్దరమే ఉన్నాం, అప్పుడే చెప్పొచ్చు. కానీ దానికి తెలియనిదేముంది? తెలియాల్సింది వేరే మనిషికి.

వానలు పడ్డ రెండో వారంలో బ్యాండు మాస్టారు వచ్చాడు, ఈ ఏటి కోట్ల కోసం. గొడుగు గుమ్మంలో ఆరబెట్టాడు. కొట్లో ఆ హోటలు కాపలాదారు ఉన్నాడు. ఇంకేం కావాలి?

"ఈ మిషను కథ తెలుసా బాబూ నీకు? రిపేరు చేసేవాడే దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. మన టైలరు గారు కూర్చుని, ఎక్కడో వెంట్రుకంత తేడా కనిపెట్టి..."

"మాస్టారూ" అన్నాను.

"ఆఁ?"

"అది కనిపెట్టింది నేను కాదు. మా అమ్మాయి. అప్పుడు దానికి పదేళ్లు. నేనే అని మీతో అబద్ధం చెప్పాను."

బ్యాండు మాస్టారు నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు.

"ఇన్నేళ్లు నా చేత తప్పు కథ చెప్పించారన్నమాట!" అన్నాడు. "ఎంతమందికి చెప్పానో లెక్కుందా? ఇప్పుడు వాళ్లందరి దగ్గరికీ మళ్లీ వెళ్లాలా?"

"వెళ్లాలి మాస్టారూ."

ఆయన నన్ను కాసేపు చూసి, లోపలి గుమ్మం వైపు తిరిగాడు. మా అమ్మాయి అక్కడే ఉంది. పని నుంచి అప్పుడే వచ్చింది. ఒంటి మీద నేను కుట్టిన నీలం ఓవరాలు, మోకాళ్ల దగ్గర గ్రీజు. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. బ్యాండు మాస్టారు మడమలు కలిపి, ఊరేగింపులో పెట్టినట్టే ఆమెకి సెల్యూట్ పెట్టాడు.

"నలభై కోట్లమ్మా. ఆలస్యమైంది, ఏమనుకోకు."

"ముప్పై ఏడే మాస్టారూ" అంది. "మూడు అంతకుముందే అయ్యాయి. మూడోది నాన్న చేత్తోనే పూర్తి చేశారు."

అందరం నవ్వాం. నేను కళ్లు తుడుచుకోవడానికి సుద్దబిళ్ల వెతుకుతున్నట్టు వంగాను. ఆమె వచ్చి, చేతులు ఓవరాలుకి తుడుచుకుని, మిషను చక్రం మీద చెయ్యి వేసి మెల్లగా ఒక చుట్టు తిప్పింది. తల వంచి విన్నది.

"బెల్టు వదులైంది నాన్నా. చూడనా?"

నేను లేచి స్టూలు ఆమెకిచ్చాను.